పాలబండి గేరు మొరాయిస్తే: లోపం క్లచ్‌దా, గేరుబాక్సుదా?

పాల సంఘాల సమావేశాలలో మనం ఎక్కువగా చర్చించుకొనేది మేత, దాణా, పశువుల చూలు, వెన్న శాతం, పాల ధర. సంఘం గడప దాటిన పాలను మోసుకొని పోయే బండిని గురించి మాత్రం అది దారిలో ఆగిన రోజునే తలచుకొంటాము. కర్నూలు, కడప ప్రాంతాలలో ఊరికీ ఊరికీ దూరం ఎక్కువ. ఎండ తీవ్రత ఎక్కువ. అందుచేత బండి సంగతి కూడా పశువు సంగతితో సమానంగా సభ్యులకు తెలిసి ఉండవలసిన విషయమే.

పొదుగు నుండి వచ్చిన పాలు సుమారు 38 డిగ్రీల వేడి మీద ఉంటాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు శీఘ్రంగా పెరుగుతాయి. వాటిని 4 డిగ్రీలకు చల్లబరచేదాకా ప్రతి నిమిషమూ లెక్కలోనిదే. ఏప్రిల్, మే నెలలలో నీడలోనే 40 డిగ్రీలు దాటే మన సీమలో, చల్లబరచని పాలతో బండి రెండు గంటలు రోడ్డు మీద నిలిచిపోతే, ఆ పాలు కేంద్రంలో మరగకాచే పరీక్షకు ఆగకపోవచ్చు. 40 లీటర్ల క్యాన్లు 25 ఎక్కిన బండి అంటే వెయ్యి లీటర్ల పాలు. ఆ నష్టం డ్రైవరుది కాదు, బండి యజమానిది కాదు. ఆ దారిలోని ఊళ్ళలో తెల్లవారుజామున లేచి పాలు పితికి పోసిన ప్రతి ఇంటిదీ.

బండ్లు ఆగిపోవడానికి కారణాలు అనేకం. వాటిలో ముందుగా హెచ్చరిక చేసి, కొన్ని రోజులపాటు చెప్పి చెప్పి, ఆ తరువాత ఆగిపోయేది క్లచ్ జబ్బు. గేరు గట్టిగా పడడం, పడేటప్పుడు కరకరమనడం, పెడల్ తొక్కితే ఒక శబ్దం, వదిలితే ఒక శబ్దం రావడం ఆ హెచ్చరికలే. వాటిని వినే చెవి మనకు ఉంటే బండి ఆగదు, అనవసరపు ఖర్చు పడదు.

సంఘాల లెక్కలు తనిఖీ చేసేటప్పుడు రవాణా పద్దు కింద మాకు తరచుగా కనబడే వోచరు ఒకటి ఉన్నది: "గేరుబాక్సు విప్పి బాగు చేసినందుకు" అని రాసి, కింద మొత్తం వేసి ఉంటుంది. బండికి ఏమి జబ్బు చేసిందో, ఏ పరీక్ష చేసి ఆ జబ్బును నిర్ణయించారో ఒక్క మాట ఉండదు. రోగం పేరు లేని మందుల చీటీ వంటిది అది. ఒక సంఘం బండికి గేర్లు పడడం లేదని గేరుబాక్సు దింపి, లోపలి రింగులు మార్చారు. మూడు రోజులు బాడుగ బండి పెట్టవలసి వచ్చింది. బండి తిరిగి వచ్చిన మరునాడే గేర్లు మళ్ళీ మొరాయించాయి. చివరకు చూస్తే క్లచ్ కేబుల్ లోపలి తీగ పోగులు చాలావరకు తెగిపోయి, నాలుగైదు మాత్రమే మిగిలి ఉన్నాయి. ఆ కేబుల్ ఖరీదు గేరుబాక్సు ఖర్చులో పదో వంతు కూడా కాదు. ఇటువంటి ఖర్చును ఆపడానికి సభ్యులు మెకానిక్కులు కానక్కరలేదు. రెండు మూడు ప్రశ్నలు అడగడం తెలిస్తే చాలు.

క్లచ్, గేరుబాక్సు చేసే పని

కపిల తోలిన పెద్దలకు గేరు సంగతి సులభంగా బోధపడుతుంది. నిండు బొక్కెన పైకి వస్తున్నప్పుడు ఎద్దులు మెల్లగా, బలంగా నడుస్తాయి. ఖాళీ బొక్కెన దిగేటప్పుడు చులకనగా నడుస్తాయి. ఇంజను బలాన్ని అదే విధంగా, బరువు ఉన్నచోట మెల్లగా బలంగానూ, తేలిక ఉన్నచోట వేగంగానూ చక్రాలకు అందించేది గేరుబాక్సు.

క్లచ్ పని ఎద్దులను కాడి నుండి విప్పడం వంటిది. ఇంజను చివర ఫ్లైవీలు అనే బరువైన ఇనుప చక్రం తిరుగుతూ ఉంటుంది. దానికి ఆనుకొని క్లచ్ ప్లేటు, దాని వెనుక ప్రెషర్ ప్లేటు ఉంటాయి. ప్రెషర్ ప్లేటులోని స్ప్రింగు క్లచ్ ప్లేటును ఫ్లైవీలుకు గట్టిగా అదిమి పట్టి ఉంచుతుంది. అందువల్ల ఇంజనుతోపాటు గేరుబాక్సులోనికి పోయే షాఫ్టు కూడా తిరుగుతుంది. డ్రైవరు పెడల్ తొక్కినప్పుడు రిలీజు బేరింగు ముందుకు జరిగి ఆ స్ప్రింగును నొక్కుతుంది. అదుము సడలి క్లచ్ ప్లేటు విడివడుతుంది. ఇంజను తిరుగుతూనే ఉన్నా షాఫ్టు ఆగిపోతుంది. గేరు మెత్తగా పడేది అప్పుడే.

గేరుబాక్సు లోపల సింక్రోనైజరు రింగులు ఉంటాయి. కదిలే బస్సు ఎక్కే మనిషి నాలుగు అడుగులు బస్సుతోపాటు పరుగెత్తి, వేగం కలిపి, తరువాత కాలు పెడతాడు. ఈ రింగులు చేసేది అదే పని. రెండు పళ్ళచక్రాల వేగం కలిపిన తరువాతనే వాటిని ఒకదానితో ఒకటి పట్టిస్తాయి. ఈ ఏర్పాటు 1928లో అమెరికాలో క్యాడిలాక్ కార్లలో మొదలై తరువాత అన్ని దేశాల బండ్లకూ వ్యాపించింది. అది లేని పాత లారీలలో డ్రైవర్లు గేరు గేరుకూ క్లచ్ రెండుసార్లు తొక్కి, చెవితోనే వేగం కలుపుకొనేవారు. నేటి బండ్లలో కూడా చాలావాటికి రివర్సు గేరుకు ఈ రింగు ఉండదు. ఈ సంగతి కింద చెప్పబోయే పరీక్షకు ఉపయోగపడుతుంది.

మన పాలదారులలో నడిచిన బండ్లు కాలక్రమంలో మారాయి. 1980 తరువాతి సంవత్సరాలలో జపాను కంపెనీల సహకారంతో చిన్న లారీలు వచ్చాయి. వాటిలో హైదరాబాదు ఆల్విన్ సంస్థ నిస్సాన్ సహకారంతో జహీరాబాదులో తయారుచేసినది ఒకటి. 1986లో టాటా 407, 2005లో టాటా ఏస్ వచ్చాయి. బండి ఏదైనా క్లచ్ సూత్రం ఒకటే. తేడా అల్లా పెడల్ నుండి క్లచ్ దాకా ఒత్తిడి పోయే మార్గంలో ఉన్నది. కొన్నింటికి ఇనుప తీగ కేబుల్ ఉంటుంది. కొన్నింటికి ద్రవం నింపిన గొట్టం, దానికి పైన మాస్టర్ సిలిండరు, కింద స్లేవ్ సిలిండరు ఉంటాయి. మీ బండికి ఏది ఉన్నదో ముందుగా తెలుసుకొని ఉండండి.

మొదటి పరీక్ష: ఇంజను ఆపి చూడండి

బండిని చదును నేల మీద నిలిపి, చేతి బ్రేకు వేసి, చక్రాల కింద రాళ్ళు పెట్టండి. ఇంజను ఆపి, క్లచ్ తొక్కి, గేరు రాడ్డును వరుసగా అన్ని గేర్లలోకీ వేసి చూడండి. తరువాత ఇంజను నడిపిస్తూ, బ్రేకు మీద కాలు ఉంచి, అదే పని మళ్ళీ చేయండి.

ఇంజను ఆపినప్పుడు గేర్లన్నీ మెత్తగా పడి, ఇంజను తిరుగుతున్నప్పుడు మాత్రమే గట్టిగా పడితే లోపం చాలావరకు క్లచ్‌దే. పెడల్ తొక్కినా ప్లేటు పూర్తిగా విడివడడం లేదన్నమాట. ఇంజను ఆపినప్పుడు కూడా గేర్లు గట్టిగానే ఉంటే లోపం గేరు రాడ్డు నుండి గేరుబాక్సు దాకా ఉన్న కడ్డీలు, కేబుళ్ళు, బుష్‌లలో ఉండవచ్చు, లేదా గేరుబాక్సులోనే ఉండవచ్చు. అన్ని గేర్లూ బాగా పడి ఒక్క గేరు మాత్రమే, ఉదాహరణకు రెండవ గేరు మాత్రమే కరకరమంటే ఆ గేరు సింక్రోనైజరు రింగు అరిగి ఉండవచ్చు.

దీనిని రూఢి చేసుకోవడానికి రివర్సు పరీక్ష ఉన్నది. బండికి ముందు వెనుకల మనుషులు లేకుండా చూసి, ఇంజను మెల్లగా తిరుగుతుండగా క్లచ్ పూర్తిగా తొక్కి, మనసులో అయిదు లెక్కపెట్టి, ఆ తరువాత రివర్సు వేయండి. క్లచ్ సరిగా విడివడితే ఆ అయిదు లెక్కలలో షాఫ్టు ఆగిపోయి గేరు నిశ్శబ్దంగా పడుతుంది. అప్పటికీ గరగరమంటే షాఫ్టు ఇంకా తిరుగుతూనే ఉన్నది, క్లచ్ పట్టు వదలలేదు.

ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. గేరుబాక్సు దింపమని ఎవరు చెప్పినా ఇది చేశారా అని ముందుగా అడగండి.

క్లచ్ విడివడకపోవడానికి కారణాలు

తేలికైన కారణాలను ముందు, బరువైన వాటిని తరువాత చూడడం పద్ధతి.

1. పెడల్ కింద అడ్డు. గోనెపట్టా, రబ్బరు పట్టా మడతపడి పెడల్ అడుగుదాకా పోకుండా చేస్తుంది. నవ్వులాటగా కనిపించినా ఇది నిజంగా జరిగేదే.

2. పెడల్ వెసులుబాటు ఎక్కువ కావడం. పెడల్‌ను చేత్తో నొక్కితే మొదట కొంతదూరం ఏ బరువూ లేకుండా కదులుతుంది. చాలా బండ్లలో ఇది సుమారు ఒకటిన్నర నుండి మూడు సెంటీమీటర్లు. మీ బండి కొలత కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఇది మరీ ఎక్కువైతే పెడల్ సగం దూరం వృథాగా పోతుంది, క్లచ్ పూర్తిగా విడివడదు. సర్దుబాటు మరతో సరిచేయవచ్చు. ద్రవంతో పనిచేసే కొన్ని బండ్లు దీనిని తామే సర్దుకొంటాయి.

3. కేబుల్ సాగడం, పోగులు తెగడం. పెడల్ రోజురోజుకూ బరువెక్కుతూ, ఒకనాడు ఉన్నట్లుండి తేలికైతే కేబుల్ తెగడానికి సిద్ధంగా ఉన్నదని గుర్తించండి.

4. ద్రవం తగ్గడం, గొట్టంలో గాలి చేరడం. పెడల్‌ను ఒకసారి తొక్కితే గేరు పడక, రెండు మూడుసార్లు వెంటవెంటనే తొక్కితే పడుతుంటే ఇదే లోపం. ద్రవం దానంతట తగ్గదు, ఎక్కడో కారుతూ ఉండాలి. పెడల్ పైన ఉన్న మాస్టర్ సిలిండరును, కింద ఉన్న స్లేవ్ సిలిండరు రబ్బరు తొడుగును విప్పి తడి ఉన్నదేమో చూడాలి. ఆ స్థానంలో ఇంజను ఆయిలు గాని, డీజిలు గాని ఎప్పుడూ పోయరాదు. లోపలి రబ్బర్లు ఉబ్బి మొత్తం చెడిపోతాయి.

5. ప్లేటు వంకర పోవడం, తుప్పుతో అతుక్కోవడం, ప్రెషర్ ప్లేటు స్ప్రింగు చెడడం. ఇవి గేరుబాక్సు దింపితేనే కనబడతాయి. పై నాలుగూ కావని తేలిన తరువాతనే ఇంతదూరం రావాలి.

క్లచ్ జారడం వేరే జబ్బు

విడివడకపోవడానికి పూర్తిగా వ్యతిరేకమైనది జారడం. పూర్తి లోడుతో నాలుగవ గేరులో పోతూ యాక్సిలేటరు నొక్కితే ఇంజను హోరు పెరుగుతుంది గాని బండి వేగం పెరగదు. ఎత్తు ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తుంది. ఇది ప్లేటు అరిగిపోవడం వల్ల, దాని మీద ఆయిలు పడడం వల్ల, లేదా పెడల్‌కు వెసులుబాటు బొత్తిగా లేకపోవడం వల్ల వస్తుంది. ఆయిలు పడినా, ఇంజను కింది రబ్బరు మౌంటింగులు చెడినా బండి కదిలేటప్పుడు గడగడ వణుకుతుంది.

జారే క్లచ్‌తో చదును రోడ్డు మీద ఎలాగో ఇల్లు చేరవచ్చు. ఘాటు రోడ్డు మీద సాధ్యం కాదు. కడప, రాయచోటి నడుమ గువ్వలచెరువు ఘాటులో గాని, నంద్యాల నుండి గిద్దలూరు పోయే దారిలో నల్లమల ఘాటులో గాని లోడు బండి నడి ఎత్తున జారిపోతే పోయేది పాలు మాత్రమే కాదు. జారుతున్నదని తెలిసిన బండిని ఘాటుకు పంపించే పాలకవర్గం మనుషుల ప్రాణాలతో పందెం కాసినట్లే.

శబ్దం ఏమి చెబుతుంది?

శబ్దం ఎలా ఉన్నదనే దానికన్నా ఎప్పుడు వస్తున్నదనేది ముఖ్యం. బండిని న్యూట్రల్‌లో ఉంచి, చేతి బ్రేకు వేసి, ఇంజను మెల్లగా తిరగనిచ్చి, పెడల్‌ను నెమ్మదిగా తొక్కుతూ వినండి.

పెడల్ వదిలి ఉన్నప్పుడు గుర్రుమనే శబ్దం వస్తూ, పూర్తిగా తొక్కగానే ఆగిపోతే అది గేరుబాక్సు ముందు షాఫ్టు బేరింగుది, లేదా దాని కింది షాఫ్టు బేరింగుది అయి ఉంటుంది. పెడల్ తొక్కితే ఆ షాఫ్టులు ఆగిపోతాయి కాబట్టి శబ్దమూ ఆగుతుంది. కొన్ని బండ్లలో కొద్దిపాటి గలగల మామూలుగానే ఉంటుంది. కొత్తగా వచ్చినదా, పెరుగుతున్నదా అనేది చూడాలి.

పెడల్ నిశ్శబ్దంగా ఉండి, కొద్దిగా తొక్కీ తొక్కగానే కీచుమనో, సుయ్యిమనో మొదలైతే అది రిలీజు బేరింగు. మన బండ్లలో ఎక్కువగా వినబడేది ఇదే. ఈ బేరింగుకు లోపలనే గ్రీజు నింపి మూసి ఉంటుంది. దానిని డీజిలుతోనో కిరోసినుతోనో కడిగితే ఆ గ్రీజు కరిగిపోయి కొత్త బేరింగు కూడా త్వరలోనే చెడుతుంది.

పెడల్ పూర్తిగా తొక్కి గేరులో ఉంచినప్పుడు మాత్రమే వచ్చే శబ్దం పైలట్ బేరింగుది కావచ్చు. ఫ్లైవీలు నడిమధ్య ఉండి షాఫ్టు కొనను పట్టుకొనే చిన్న బేరింగు అది. ఫ్లైవీలు తిరుగుతూ షాఫ్టు ఆగినప్పుడే దానికి పని.

ఇంజను ఆపి ఉన్నా, పెడల్ కదిలించినప్పుడల్లా కిర్రుమంటే బేరింగుల జోలికి పోనక్కరలేదు. పెడల్ బుష్, కేబుల్, లోపలి ఫోర్కు, వీటిలో ఏదో ఒకటి పొడిబారి ఉంటుంది.

నేడు దాదాపు ప్రతి డ్రైవరు చేతిలోనూ సెల్‌ఫోను ఉన్నది. శబ్దం వచ్చినప్పుడే దానిని ఫోనులో పట్టుకొని, ఆ సమయాన పెడల్ తొక్కి ఉన్నదో వదిలి ఉన్నదో నోటితో చెప్పి పెట్టుకొంటే మంచిది. షెడ్డుకు చేరేసరికి శబ్దం మాయమవడం అందరికీ అనుభవమే.

గేరుబాక్సు సంగతి

గేరుబాక్సును అనుమానించవలసిన సందర్భాలు లేకపోలేదు. ముందుగా గేరు ఆయిలు చూడండి. మట్టం తగ్గినా, కాలం మీరినా, కంపెనీ పుస్తకంలో చెప్పని రకం పోసినా గేర్లు గట్టిపడతాయి. పొద్దున్నే గట్టిగా ఉండి పది మైళ్ళు పోయేసరికి మెత్తబడితే ఆయిలు మరీ చిక్కనిదేమో విచారించండి. ఏ డబ్బా చౌకగా దొరికితే దానిని పోయించడం పొదుపు కాదు. కొన్ని రకాల గేరు ఆయిళ్ళలోని మందులు ఇత్తడి సింక్రోనైజరు రింగులను తినివేస్తాయి.

తీసిన ఆయిలును రెండు వేళ్ళ మధ్య రుద్ది చూడండి. సన్నని ఇత్తడి రజను కొద్దిగా ఉంటే అరుగుదల. ఇనుప పెళ్ళలు తగిలితే పళ్ళు విరుగుతున్నాయి, వెంటనే విప్పించాలి. ఆయిలు పాలవలె తెల్లబడి ఉంటే నీరు కలిసినట్లు. పాలు తెల్లగా ఉండాలి గాని గేరు ఆయిలు తెల్లబడరాదు.

పడిన గేరు దానంతట ఊడి న్యూట్రల్‌కు వస్తుంటే అది ప్రమాదకరమైన లోపం. ముఖ్యంగా దిగుడులో. ఆ బండిని ఆ రోజునే దారి నుండి తప్పించాలి.

మన నేల, మన వాడకం

ఒకే కంపెనీ బండి కోస్తాలో ఒకలాగా, మన దగ్గర ఒకలాగా అరుగుతుంది. బేతంచెర్ల నాపరాళ్ళ దారులలో, యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల చుట్టుపక్కల సన్నని దుమ్ము కేబుల్ తొడుగులోకీ, ఫోర్కు రంధ్రంలోకీ చేరుతుంది. ఫోర్కు దగ్గరి రబ్బరు తొడుగు చిరిగితే దానిని చిన్న విషయమని వదలిపెట్టరాదు. కోవెలకుంట్ల, నంద్యాల వైపు నల్లరేగడిలో వానాకాలం బండి దిగబడితే డ్రైవరు సగం క్లచ్ మీద ఉంచి ముందుకూ వెనుకకూ ఊపుతాడు. ఆ పది నిమిషాలలో ప్లేటు ఎన్నో రోజుల అరుగుదల అరుగుతుంది. దిగబడిన బండికి ముందు లోడు దించి, చక్రాల కింద కంకర గాని కంపగాని వేసి, తాడు కట్టి లాగించండి.

వంక నీటిలో బండి దిగితే నీరు క్లచ్ గూటిలోకీ, గాలి రంధ్రం గుండా గేరుబాక్సులోకీ పోవచ్చు. అటువంటి బండిని కడిగి అలాగే నాలుగు రోజులు నిలిపి ఉంచితే ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు అతుక్కొంటుంది. నీటిలో నడిచిన తరువాత గేరు ఆయిలు చూడడం, బండిని కొంతదూరం తిప్పి ఆరనివ్వడం అవసరం.

వాడకంలో మూడు అలవాట్లు క్లచ్‌ను త్వరగా తింటాయి. ఎడమ కాలిని ఎప్పుడూ పెడల్ మీదనే ఆన్చి నడపడం. ఎత్తు మీద బ్రేకు వేయక సగం క్లచ్‌తో బండిని నిలబెట్టడం. పరిమితికి మించి క్యాన్లు ఎక్కించడం. మొదటి రెండూ డ్రైవరు చేతిలో ఉన్నవి. మూడవది మన చేతిలోనిది. మరో రెండు క్యాన్లు సర్దమని అడిగేది సంఘాలే. దిగుడులో డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదలడం మాత్రం ఎవరు చేసినా సహించరాదు. అప్పుడు ఇంజను పట్టు పోయి బండి భారమంతా బ్రేకుల మీదనే పడుతుంది.

క్లచ్ గూటిలోని దుమ్మును నోటితోగాని గాలి గొట్టంతోగాని ఊదవద్దని మెకానిక్కుకు, పక్కన నిలబడి చూసే పిల్లలకు చెప్పండి. పాత రకం ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవడం క్షేమం.

సంఘం చేయవలసిన ఏర్పాటు

మా అనుభవంలో ఎక్కువ నష్టం తెచ్చేది క్లచ్ కాదు. చెప్పిన మాట ఎక్కడా రాయకపోవడం. డ్రైవరు గేరు సరిగా పడడం లేదని కార్యదర్శికి నోటిమాటగా చెబుతాడు. కార్యదర్శి వచ్చే సమావేశంలో చూద్దామంటాడు. పాలు విరిగిన రోజున చెప్పానని ఒకరు, చెప్పలేదని ఒకరు. ఆఖరుకు డ్రైవరు జీతంలో కోత పడుతుంది. ఇందులో న్యాయం ఎటు ఉన్నదో తేల్చడానికి మాకు కాగితం ఒక్కటీ దొరకదు.

కావున బండి నడిపే ప్రతి సంఘమూ, బాడుగ బండి పెట్టుకొన్న సంఘాలు కూడా, బండిలో ఒక నోటుపుస్తకం ఉంచాలి. అందులో తేదీ, తిరిగిన కిలోమీటర్లు, గమనించిన లోపం, అది ఎప్పుడు వస్తున్నదీ డ్రైవరు రాయాలి. "రెండవ గేరు గట్టిగా ఉన్నది, ఇంజను ఆపితే మెత్తగా పడుతున్నది" అని ఒక్క వాక్యం చాలు. వారానికి ఒకసారి కార్యదర్శి చూసి సంతకం చేయాలి. రాసిన పుస్తకం డ్రైవరును కాపాడుతుంది, సంఘం సొమ్మునూ కాపాడుతుంది.

గేరుబాక్సు దింపవలసిన మరమ్మతుకు డబ్బు మంజూరు చేసే ముందు పాలకవర్గం ఈ నాలుగు ప్రశ్నలు వేయాలని మనవి.

ఒకటి: ఇంజను ఆపినప్పుడు గేర్లు ఎలా పడుతున్నాయి?

రెండు: పెడల్ వెసులుబాటు, కేబుల్ లేక ద్రవం చూశారా?

మూడు: శబ్దం పెడల్ తొక్కినప్పుడా, వదిలినప్పుడా?

నాలుగు: తీసిన పాత సామాను చూపిస్తారా?

నాల్గవ ప్రశ్నను అడగడానికి మొహమాటపడవద్దు. నిజాయితీ గల మేస్త్రీ అడగకముందే పాత ప్లేటు, బేరింగు తెచ్చి బల్ల మీద పెడతాడు. వాటిని వోచరు పాస్ అయ్యేవరకు సంఘం గదిలో ఉంచండి. గేరుబాక్సు ఎలాగూ దింపినప్పుడు ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజు బేరింగు మూడింటినీ పరీక్షించి, అరుగుదల కనబడితే ఒకేసారి మార్చడం మేలు. ఒక బేరింగు కోసం ఆరు నెలలకు మళ్ళీ అదే కూలి ఇవ్వడం తెలివి కాదు.

బండి దారిలో ఆగితే మొదట చూడవలసినది పాలు, తరువాత బండి. క్యాన్లను నీడకు చేర్చి, తడి గోనెలు కప్పి, దగ్గరి శీతలీకరణ కేంద్రానికి ఫోను చేసి వేరే బండి తెప్పించి ఎక్కించండి. ఆ తరువాతనే మెకానిక్కు కోసం వెతకండి. ఇందుకు కావలసిన ఫోను నంబర్లు బండిలోని నోటుపుస్తకం మొదటి పేజీలో రాసి ఉండాలి. దారిలోని ఏ ఊరి వద్ద ఎవరి బండి దొరుకుతుందో కూడా ముందే విచారించి రాసిపెట్టుకొనడం మంచిది.

పశువు మేత మానితే ఆ పూటనే గమనించే రైతుకు, బండి గొంతు మారితే గమనించడం కష్టం కాదు. వచ్చే మహాజన సభలో రవాణా పద్దు చదివినప్పుడు మరమ్మతు ఖర్చు ఎంత అని మాత్రమే కాక, జబ్బు ఏమిటి, దానిని ఎవరు ఎలా కనిపెట్టారు అని కూడా సభ్యులు అడగాలని మా కోరిక. ఆ ప్రశ్న అడిగే హక్కు ఒక్క లీటరు పాలు పోసే సభ్యురాలికి కూడా ఉన్నది.